మూడు ఊళ్లు, రెండు జట్లు

యాత్ర యనగానే మన యిండ్లలోని స్త్రీలకు కాశీయో రామేశ్వరమో, అంత దూరము పోలేనివారికి ధర్మపురియో కొండగట్టో స్ఫురించుట సహజము. గడచిన మార్గశిరమున మేము కరీంనగరము నుండి బయలుదేరి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను చూచి వచ్చితిమి. అయినను ఈ వ్యాసము దేవాలయములను గూర్చినది కాదు. ఆ దారి పొడుగునను స్త్రీల నోట మాకు ఒకే వాదము వినవచ్చినది. దానిని సోదరీమణులకు నివేదింపవలెనని మా తలంపు.

ఆ వాద మిది. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో మన భారత స్త్రీల క్రికెట్టు జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పును మొదటిసారి గెలుచుకొన్నది. అంతకు ఎనిమిదేండ్లు ముందు, 2017 జూలై 23వ తేదీన, లండనులోని లార్డ్సు మైదానమున మిథాలీ రాజ్ నాయకత్వమున ఆడిన జట్టు ఇంగ్లండు చేతిలో కేవలము 9 పరుగులతో ఓడిపోయినది. ఈ రెండింటిలో ఏది గొప్ప జట్టు? గెలిచిన పడుచుల జట్టా, అంచు వరకు పోయి ఓడిన వెనుకటి జట్టా?

క్రికెట్టు ఎరుగని సోదరీమణులకు ఒక మాట. ఇందు ఒక జట్టు మొదట కొన్ని పరుగులు కూర్చును. రెండవ జట్టు ఆ సంఖ్యను దాటవలెను. పదిమంది ఆటగత్తెలు వెడలిపోవులోపల, యాబది ఓవర్లు ముగియులోపల దాటినచో గెలుపు, లేనిచో ఓటమి. ఈపాటి తెలిసిన చాలును.

2023 డిసెంబరు 9వ తేదీ నుండి తెలంగాణమున ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది. కండక్టరు చేతికిచ్చు సున్నా టిక్కెట్టు పుచ్చుకొని ఇప్పుడు అత్తలు, కోడండ్రు, కాలేజీ పిల్లలు ఒకే బస్సులో కూడుచున్నారు. వాదములకు అంతకన్న అనువైన చోటు ఎక్కడిది? జగిత్యాలకు పోవు బస్సులో ఒక డిగ్రీ విద్యార్థిని, “కప్పు తెచ్చినోళ్లే గొప్ప, ఓడినోళ్ల ముచ్చట ఎందుకు?” అనెను. ఆమె ప్రక్కనున్న పంతులమ్మ, “మిథాలీ లేకుంటే వీళ్లెక్కడున్నరు బిడ్డా?” అని బదులు పలికెను. బస్సంతయు రెండు పక్షములుగా చీలినది.

జగిత్యాలలో మేము మొదట కోటను చూచితిమి. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి ఇంజనీర్ల పనితనముతో నక్షత్రాకారమున కట్టబడినదని దీనిని గూర్చి చెప్పుదురు. రాతి గోడలు, చుట్టును కందకము, బురుజులు నేటికిని నిలిచియున్నవి. పైని బురుజును అందరును చూతురు గాని మట్టిలో పూడిన పునాది రాతిని చూచువారు లేరు. బస్సులోని వాదము మాకు అక్కడ మరల జ్ఞప్తికి వచ్చినది.

వెనుకటి జట్టు పునాది ఎట్టిదో చూడుడు. మిథాలీ రాజ్ జోధ్‌పురమున జన్మించినను హైదరాబాదున పెరిగిన బాలిక. భరతనాట్యము నేర్చుచు నేర్చుచు బ్యాటు చేపట్టినది. 1999 జూన్ నెలలో పదునారేండ్ల ప్రాయమున తన తొలి అంతర్జాతీయ వన్డేలోనే ఐర్లండుపై 114 పరుగులు చేసి అజేయయై నిలిచినది. 2005లో ఆమె నాయకత్వముననే మన జట్టు మొదటిసారి ప్రపంచ కప్పు తుదిపోరునకు చేరి, ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగులతో ఓడినది. ఆ కాలమున స్త్రీల క్రికెట్టును 1973లో స్థాపితమైన ప్రత్యేక సంఘము నడుపుచుండెను. దానికి ధనబలము స్వల్పము. ఆటగత్తెలు రిజర్వేషను లేని రైలుపెట్టెలలో ప్రయాణించి, వసతి గృహములలో నేలపై పండుకొని ఆడిరి. 2006లో గాని పురుషుల క్రికెట్టును నడుపు బోర్డు వారిని తన గొడుగు క్రిందికి తీసికొనలేదు.

జగిత్యాల నుండి కోరుట్లకు దారి పచ్చని పైర్ల నడుమ సాగును. శ్రీరామసాగరము కాలువ నీటి పుణ్యమున వరి, అక్కడక్కడ పసుపు చేలు, మామిడి తోటలు కన్నుల పండువుగా నుండును. ఊరు చేరగానే అరుగులమీద స్త్రీలు చాటలు ముందిడుకొని తునికాకును కత్తిరించి బీడీలు చుట్టుచుండుట కానవచ్చును. ఈ ప్రాంతపు పురుషులు అనేకులు దుబాయి, మస్కటు వంటి గల్ఫు దేశములకు బ్రతుకుతెరువునకై పోయినవారు. ఇక్కడ ఇల్లాలే యింటికి యజమానురాలు. పిల్లల చదువు, పెండ్లి, అప్పు అన్నియు ఆమె తలమీదనే.

అట్టి యొక యింటి అరుగున మేము దాహమునకై ఆగితిమి. ఆ యింటి చిన్నపిల్లకు తొమ్మిదేండ్లుండును. ఒక చెక్కముక్కను బ్యాటుగా పట్టుకొని గోడకు కొట్టిన బంతిని మరల మరల కొట్టుచుండెను. తల్లి చేతులు ఆపకయే, “ఆట ఆడితే కడుపు నిండుతదా అమ్మా?” అని మమ్ము ప్రశ్నించెను. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజముగా తెలిసికొనగోరు తల్లి ప్రశ్న యది. వెయ్యి బీడీల కింత యని లెక్క గట్టుకొను చేతికి ఆటయొక్క లెక్క కూడ తెలియవలెను గదా!

మేము తెలిసినంత చెప్పితిమి. 2022 అక్టోబరులో క్రికెట్టు బోర్డు పురుషులకును స్త్రీలకును పందెపు రుసుము సమానముగా నిర్ణయించినది. దేశము తరపున ఒక్క వన్డే ఆడినవారికి ఆరు లక్షల రూపాయలు. 2023లో స్త్రీల ప్రీమియర్ లీగు మొదలైనది. ఆ యేడే పందొమ్మిదేండ్ల లోపు బాలికలకు మొట్టమొదటి ప్రపంచ కప్పు జరిగినది. దానిని మన బాలికలు గెలిచిరి. 2025 ఫిబ్రవరిలో మలేషియాలో రెండవ కప్పును కూడ గెలిచిరి. ఈ రెండు జట్లలోను ఆడిన గొంగడి త్రిష మన భద్రాచలపు పిల్ల. రెండవ పర్యాయము ఆమె మొత్తము 309 పరుగులు చేసి, తుదిపోరున 44 పరుగులతో అజేయయై నిలిచి, మూడు వికెట్లను కూడ పడగొట్టినది. ఆ పిల్ల ఆటకై కుటుంబము భద్రాచలము విడిచి సికిందరాబాదునకు కాపురము మార్చినది.

ఇది విని ఆ తల్లి, “మేమెట్ల మారుస్తమమ్మా కాపురం?” అనెను. ఈ మాటకు మాకు సులభమైన సమాధానము దొరకలేదు. అందరు తల్లులును కాపురములు మార్చలేరు. మార్చుమని చెప్పుట న్యాయమును కాదు. అయితే హకీంపేట, కరీంనగరము, ఆదిలాబాదులలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలు కలవనియు, వానిలో నాలుగవ తరగతిలోనే ప్రవేశ పరీక్షలు జరుగుననియు చెప్పితిమి. క్రికెట్టు కాకున్నను పరుగో, వ్యాయామమో, మరి యే యాటయో దేహమునకు అబ్బును. కరీంనగరము ఆ యూరికి ఒక పూట ప్రయాణము. బస్సు టిక్కెట్టు ఆడవారికి సున్నా. తల్లి బీడీ దారము తెంపి, మొదటిసారి చేతులాపి, కూతురువైపు చూచెను.

కోరుట్ల నుండి కథలాపురము మీదుగా వేములవాడ చేరి, రాజన్నకు దూరము నుండియే నమస్కరించి, సిరిసిల్లకు పోయితిమి. మానేరు ఒడ్డున నున్న ఈ పట్టణము నేతన్నల పట్టణము. బస్సు దిగగానే మరమగ్గముల చప్పుడు చెవులబడును. అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీరను నేసిన నేర్పరులు ఈ యూరివారే. 2017 నుండి కొన్ని యేండ్లు రాష్ట్రమంతటను పంచిన బతుకమ్మ చీరలు విశేషముగా ఇచ్చట నేయబడినవి. పని యున్నప్పుడు పండుగ, లేనప్పుడు పస్తు; ఆకలికి, అప్పునకు ప్రాణములు తీసికొన్న నేతన్నల కథలును ఈ యూరు ఎరుగును. గెలుపు ఓటములను గూర్చి తేలికగా మాటలాడరాదని సిరిసిల్ల వీధులు మనకు నేర్పును.

ఒక మగ్గముల శాలలో మేము కొంతసేపు నిలిచితిమి. పడుగు ముందుగా మగ్గమున కెక్కును. కదలక బిగువున నిలుచును. పేక తరువాత వచ్చి, అటునిటు పరుగులెత్తి గుడ్డ యగును. గుడ్డ యైన పిమ్మట ఇది పడుగు గొప్ప, ఇది పేక గొప్ప యని విడదీయగల వారెవరు? రెండు జట్ల వాదమును మేము ఈ కంటితో చూడదొడగితిమి.

అట్లని రెండును సరిసమానమని తప్పించుకొనుట నిజాయితీ కాదు. రెండింటికిని ఆటలో భేదము కలదు. 2017లో మనకు కావలసినవి 229 పరుగులు. మూడు వికెట్ల నష్టమునకు 191 వరకు చేరితిమి. గెలుపు గుమ్మములో నిలిచినది. అంతట పూనమ్ రౌత్ 86 పరుగుల కడ వెడలినది. తక్కిన ఏడు వికెట్లు 28 పరుగులలో కూలిపోయి 219తో ఆట ముగిసినది. ఇంగ్లండు వేగపు బౌలరు ష్రబ్‌సోల్ ఆరు వికెట్లు తీసికొన్నది. ముందువరుస వారు అలసినచో వెనుకవరుస నిలువలేకపోయెను. అది ధైర్యలోపము కాదు. అట్టి యొత్తిడిలో నిలిచి యాడుటకు తగిన అభ్యాసము వారికి దొరకలేదు.

2025 జట్టునకు కష్టములు తక్కువ కావు. దక్షిణాఫ్రికాతోను, ఆస్ట్రేలియాతోను విశాఖపట్టణముననే రెండు పోటీలు వరుసగా ఓడినది; ఇందూరున ఇంగ్లండుతో మూడవది ఓడినది. అయినను కుంగక, సెమీ ఫైనలున ఆస్ట్రేలియా నిలిపిన 339 పరుగుల లక్ష్యమును జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగుల సాయమున దాటినది. స్త్రీల వన్డేలలో అంత పెద్ద లక్ష్యమును అంతకుముందు ఎవరును దాటి యెరుగరు. ప్రతీకా రావల్ కాలికి దెబ్బ తగిలి తప్పుకొనగా, జట్టులో లేని షెఫాలీ వర్మను సెమీ ఫైనలునకు ముందు పిలిపించిరి. ఇరువదియొక్క యేండ్ల ఆ బాలిక తుదిపోరున 87 పరుగులు చేసి రెండు వికెట్లను తీసినది. దీప్తి శర్మ 58 పరుగులు, అయిదు వికెట్లు సాధించినది. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి ఆ కప్పులో మొత్తము 14 వికెట్లు పడగొట్టినది. ఒకరు తప్పినచో మరియొకరు సిద్ధముగా నుండుట: ఇదియే కొత్త జట్టు బలము.

ఈ బలము ఎక్కడిది? 2023లో పందొమ్మిదేండ్ల లోపు కప్పును గెలిచిన జట్టునకు నాయిక ఆ షెఫాలీయే. రిచా ఘోష్ కూడ నాడు ఆమె తోడి ఆటగత్తె. అనగా తుదిపోటీ యొత్తిడి వారికి ముందే అలవాటు. మిథాలీ తరమునకు అట్టి మెట్టు లేదు. వారు నేలనుండి నేరుగా మిద్దెకు ఎగురవలసి వచ్చెను. కావున మా తీర్పు ఇది: ఆటలో నేటి జట్టు మిన్న, పట్టుదలలో నాటి జట్టు తక్కువ కాదు, రెండింటి నడుమ భేదము మెట్లు ఉండుటలోను లేకుండుటలోను ఉన్నది.

పురాణములు చదివిన సోదరీమణులకు భగీరథుని కథ తెలియనిది కాదు. గంగను దింపుటకై అంశుమంతుడు తపము చేసి పోయెను. దిలీపుడు తపము చేసి పోయెను. భగీరథునికి గంగ దిగినది. గంగను భాగీరథి యందుము గాని, ఆ వంశపు తపము అంతయు ఒకటే గదా. పైగా ఈ రెండు జట్లు పూర్తిగా వేరును కావు. 2017లో లార్డ్సులో ఓడిన పదునొకండుగురిలో హర్మన్‌ప్రీత్ కౌర్, స్మృతి మంధాన, దీప్తి శర్మ యను మువ్వురు 2025 తుదిపోరునను ఆడిరి. ఓటమిని మోసికొనివచ్చిన చేతులే కప్పును అందుకొన్నవి. గెలిచిన రాత్రి వారు కప్పును మైదానముననే మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రా చేతులలో పెట్టిరి. గొప్ప యెవరిదను ప్రశ్నకు పిల్లలే ఉత్తరము చెప్పిరి. బస్సులోని విద్యార్థినియు పంతులమ్మయు ఈ సంగతిని కూడ చర్చించిన బాగుండెడిది.

ఇక మన పని. షెఫాలీకిని త్రిషకును దొరికిన మెట్లు కోరుట్ల అరుగు వరకు ఇంకను రాలేదు. మేము చూచిన మూడు ఊళ్లలోను సాయంకాలపు మైదానములు మగపిల్లలతో నిండియుండెను. ఆడపిల్లలు గట్టున నిలిచి చూచుచుండిరి. పెద్ద మెట్లను ప్రభుత్వములు, బోర్డులు కట్టవలెను. కాని మొదటి మెట్టు ఇంటిలోనే యున్నది. దానిని కట్టుటకు ధనమక్కర లేదు. సాయంకాలము ఒక్క గంట పిల్లను అంట్ల యొద్దకు పిలువకుండుట. వీధిలో పరుగెత్తినదని కోపింపకుండుట. బడిలో ఆటల పంతులు పేరు వ్రాసికొన వచ్చినపుడు, “మా పిల్ల పేరు వ్రాయుడు” అని తల్లి ముందుకు వచ్చి చెప్పుట. ప్రతి పిల్లయు కప్పు తేనక్కరలేదు. గట్టున నిలిచి చూచు పిల్ల ఒకసారి గట్టు దిగి ఆడిన చాలును. ఆ గంటను మన పిల్లల కిచ్చుటకు ఏ జట్టు గొప్పదో తేలువరకు వేచియుండ నక్కరలేదు.