స్కాట్లాండు గోల్ఫ్ మైదానాలలో మా లెక్క

గోల్ఫ్ అనగానే మనలో చాలామందికి తెల్లటోపీలు, పెద్ద కార్లు, సంచులు మోసే కుర్రవాళ్ళు గుర్తుకు వస్తారు. మేము కూడా అది గొప్పవారి ఆట అనే అనుకున్నాము. డెల్టా పల్లెలో పుట్టి, బిళ్ళంగోడు, గోళీలు తప్ప మరో ఆట ఎరుగని మేము నలభై అయిదేళ్ళ వయస్సులో గోల్ఫ్ కర్ర పట్టుకుంటామని కలలోనైనా తలంచలేదు.

2023 వేసవిలో స్కాట్లాండులోని ఫైఫ్ ప్రాంతపు చిన్న సంఘము ఒకటి మమ్మును మూడు నెలలు తమ మధ్య ఉండుమని పిలిచింది. మాకు ఆతిథ్యమిచ్చిన సంఘ పెద్దగారు యౌవనములో బొగ్గు గనిలో పని చేసినవారు. వయస్సు డెబ్బై దాటింది, భార్య గతించింది. మేము వెళ్ళిన రెండవ రోజునే ఆయన, "మంగళవారం మధ్యాహ్నం మీకు ఖాళీయేనా పాస్టరుగారూ?" అని అడిగారు. ఏదో ఇంటి దర్శనమనుకొని సరేనన్నాము. మంగళవారం ఆయన తన పాత గోల్ఫ్ సంచి, చనిపోయిన తమ్ముడి సంచి తెచ్చి గుమ్మం ముందు పెట్టారు.

ఆట ఎరుగనివారి కోసం ఒక మాట. కర్రతో బంతిని దూరంగా కొట్టడం మన బిళ్ళంగోడు వంటిది. చివరకు దానిని గుంటలో వేయడం గోళీలాట వంటిది. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఎంత తక్కువ దెబ్బలతో వేస్తే అంత గొప్ప. నిండు మైదానానికి 18 గుంటలు, చిన్నవాటికి 9. ఒక్క సంగతి మాత్రము మన ఆటలకు భిన్నము. మామూలుగా ఆడుకొనేటప్పుడు ప్రక్కన అంపైరు ఉండడు. ఎవరి దెబ్బలు వారే లెక్కపెట్టుకొని, ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి.

డబ్బుల పెట్టె ఉన్న మైదానము

మేము మొదట ఆడినది ఊరి వెనుక కొండవాలులో ఉన్న 9 గుంటల మైదానము. టిక్కెట్టు ఇచ్చే మనిషి లేడు. చెక్క గదికి ఒక ఇనుప పెట్టె బిగించి, దాని మీద రుసుము ఎంతో వ్రాసి పెట్టారు. బయటివారికి పది పౌండ్లు, అంటే మన డబ్బులో సుమారు వెయ్యి రూపాయలు. ఆ దేశములో చిన్న ఊళ్ళ మైదానాలు చాలాచోట్ల ఇలాగే నమ్మకము మీద నడుస్తాయి. పెద్దగారు వద్దంటున్నా మా రుసుము మేమే వేశాము.

మైదానములో మాతో పాటు ఆడుతున్నవారు ఎవరనుకున్నారు? బస్సు డ్రైవరు, బడి వంటమనిషి, సెలవులకు వచ్చిన ఇద్దరు పిల్లలు. మా మొదటి దెబ్బకు బంతి కదలలేదు, గడ్డిపెళ్ళ మాత్రము లేచింది. పెద్దగారు ఆ పెళ్ళను తీసి, నాటు వేసినట్టు తిరిగి అదే చోట అద్ది, కాలితో నొక్కారు. "ఇది కూడా ఆటలో భాగమే," అన్నారు. మొదటి రోజు 9 గుంటలకు మా లెక్క 91.

మా మార్కులు: బీదవానిని లోపలికి రానిచ్చే విషయములో ఈ మైదానమునకు పదికి పది.

గుర్రాల నడుమ, వాగు ప్రక్కన

ఒక శనివారము ఎడింబరోకు తూర్పుననున్న మసల్‌బరోకు తీసుకొని వెళ్ళారు. గుర్రప్పందేల బాట లోపల 9 గుంటలు! పందెములు ఉన్న రోజున గోల్ఫ్ ఉండదు. ఇక్కడ 1672లో ఆడినట్టు వ్రాతపూర్వకమైన ఆధారమున్నది. 1874 నుండి 1889 వరకు ఓపెన్ పోటీ ఆరుసార్లు ఇక్కడ జరిగింది. ఈ ఆట అంతకంటే పాతదే. 1457లోనే స్కాట్లాండు పార్లమెంటు, ప్రజలు విలువిద్య మానుకొని ఫుట్‌బాలు, గోల్ఫ్ వెంట పడుతున్నారని రెండింటినీ నిషేధించింది. నిషేధము పోయింది, ఆటలు మిగిలాయి.

మసల్‌బరో నేల చూసినప్పుడు మాకు బాపట్ల, చీరాల ప్రక్క ఇసుక పర్ర గుర్తుకు వచ్చింది. సముద్రానికి, సాగుభూమికి నడుమనున్న ఇటువంటి నేలను వారు లింక్స్ అంటారు. నాగలి పెట్టినా పంట రాదు. అక్కడ గొర్రెలు మేసి గడ్డిని పొట్టి చేశాయి. ఈదురుగాలికి అవి ఒదిగి పడుకున్న చోట గడ్డి అరిగి ఇసుక గుంటలు పడ్డాయనీ, నేటి బంకర్లకు అదే మూలమనీ అక్కడివారు చెబుతారు. పంటభూమిని చదునుచేసి, త్రాగునీరు పోసి గడ్డి పెంచే మైదానాలు వేరు, పంట పండని నేలలో గొర్రెల వెనుక పుట్టిన మైదానాలు వేరు. రైతుబిడ్డలముగా ఈ తేడా మా కంట బడింది. వయస్సుకు, వినయానికి మసల్‌బరోకు తొమ్మిది మార్కులు. ప్రక్క రోడ్డు మీది లారీల చప్పుడుకు ఒకటి తగ్గించాము.

మరొక రోజు డండీకి తూర్పుననున్న కార్నూస్టీకి వెళ్ళాము. అది మావంటి వారు ఆడే మైదానము కాదు. ప్రక్కన నిలిచి చూచి వచ్చాము. దాని చివరి గుంటల మధ్య బారీ వాగు మెలికలు తిరిగి పారుతుంది. 1999 ఓపెన్‌లో జాన్ వాన్ డి వెల్డ్ అనే ఫ్రెంచి ఆటగాడు మూడు దెబ్బల ఆధిక్యతతో ఆఖరి గుంటకు వచ్చాడు. ఆరు దెబ్బలు తీసుకున్నా గెలుపు అతనిదే. బంతి వాగులో పడింది. బూట్లు, మేజోళ్ళు విప్పి, ప్యాంటు పైకి మడిచి అతడు నీళ్ళలోకి దిగి నిలిచాడు. చివరకు దానిని బయట పెట్టి ఆడి, ఏడు దెబ్బలతో ముగించాడు. ముగ్గురు సమానమయ్యారు. తిరిగి ఆడినప్పుడు, ఆ ఉదయము పది దెబ్బలు వెనుకబడియున్న పాల్ లారీ గెలిచాడు. మనము మోకాటి లోతు కాలువలు రోజూ దాటుతాము గాని, ఆ వాగు వంతెన మీద నిలిచినప్పుడు మా గుండె కూడా ఝల్లుమన్నది.

మేము తగ్గించిన ఒక దెబ్బ

ఇప్పుడు చెప్పవలసినది చెప్పాలి. ఎనిమిది వారాలయ్యేసరికి ఊరి మైదానములో మా లెక్క 60కి దగ్గరపడింది. 60 లోపు రావాలని మనస్సు పట్టుబట్టింది. ఒక శుక్రవారము ఏడవ గుంట దగ్గర మా బంతి పొడుగు గడ్డిలో ఆగింది. ప్రక్కన ఎండుపుల్ల అడ్డముంటే తీశాము. బంతి సగం దొర్లి ఆగింది. బెత్తెడు కూడా లేదు. నియమము ప్రకారము దానిని మొదటి చోట పెట్టి, ఒక దెబ్బ కలుపుకోవాలి. పెద్దగారు అవతల తన బంతి వెదుక్కుంటున్నారు. మేము పెట్టలేదు, కలుపలేదు. చివరకు కార్డు మీద 59 వచ్చింది.

పెద్దగారి సంతోషము చూడాలి! ఆదివారము ఆరాధన తరువాత టీ దగ్గర అందరి మధ్య ఆ కార్డు ఎత్తి చూపించారు. "మన ఇండియా పాస్టరుగారు 59 కొట్టారు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. గంట ముందు వారికి వాక్యము చెప్పినవారము మేమే. కప్పులో టీ చల్లారిపోయింది. ఇనుప పెట్టెలో పది పౌండ్లు సరిగ్గా వేసిన చెయ్యే, గడ్డిలో దొంగత్రాసు పట్టుకున్నది.

ఆదివారము మూసే మైదానము

ఆ మధ్యాహ్నమే సెయింట్ ఆండ్రూస్ బయలుదేరాము. లోకములో గోల్ఫ్ ఆడేవారందరికీ అది యాత్రాస్థలము. 1764లో అక్కడ 22 గుంటలను 18కి తగ్గించారు. తరువాత లోకమంతటా అదే లెక్క అయింది. అక్కడి ఓల్డ్ కోర్సు ఆదివారము ఆటకు మూసి ఉంటుంది. పెద్ద పోటీలు తప్ప మిగిలిన ఆదివారాలు నేలకు విశ్రాంతి. ఆ రోజున ఊరివారు కుక్కలను, పిల్లలను వెంటబెట్టుకొని దాని మీద షికారు తిరుగుతారు. ఎవరైనా నడవవచ్చు, రుసుము లేదు. మేము కూడా నడిచాము.

గొర్రెల కాపరులు మందలను దాటించుకొన్న స్విల్కన్ రాతివంతెన మన పంటబోదె మీది తూము కంటే పెద్దదేమీ కాదు. పదునాలుగవ గుంట దారిలో నరకమనే పేరుగల ఇసుక గుంట ఉన్నది, మనిషి ఎత్తుకు మించిన లోతు. ఇక్కడ చాలాచోట్ల రెండు గుంటలకు కలిపి ఒకే పచ్చికబయలు ఉంటుంది. ఆ రెంటి అంకెలు కూడితే 18 వస్తుంది: రెండు, పదహారు; మూడు, పదిహేను; అలా. పెద్దగారు పిల్లవానివలె వేళ్ళ మీద లెక్కవేసి చూపించారు.

పదకొండవ గుంట దగ్గర ఆగి, ఆయన బాబీ జోన్స్ సంగతి ఎత్తారు. జోన్స్ అమెరికా దేశస్థుడు, వృత్తికి న్యాయవాది. జీవితాంతము డబ్బు కొరకు కాక ఇష్టము కొరకే ఆడాడు. 1921లో 19 ఏళ్ళ వయస్సులో ఇక్కడి ఇసుకలో చిక్కుకొని, కోపముతో పోటీ మధ్యలో విడిచి వెళ్ళాడు. 1927లో తిరిగి వచ్చి ఇక్కడే ఓపెన్ గెలిచాడు. 1958లో వెన్నెముక వ్యాధితో బాధపడుతూ వచ్చినప్పుడు ఈ ఊరు ఆయనకు గౌరవ పౌరసత్వమిచ్చింది.

"అయితే ఆయన గొప్ప ఆట ఓడిపోయినది," అన్నారు పెద్దగారు. 1925 అమెరికా ఓపెన్‌లో పొడుగు గడ్డిలో ఆడబోతుండగా జోన్స్ బంతి కొద్దిగా కదిలింది. మరెవరూ చూడలేదు. వద్దన్నా వినక ఆయన తన మీద ఒక దెబ్బ వేసుకున్నాడు. చివరకు ఇద్దరు సమానమయ్యారు, తిరిగి ఆడినప్పుడు జోన్స్ ఒక్క దెబ్బతో ఓడిపోయాడు. ఆ ఒక్కటి కలుపుకోకపోతే కప్పు అప్పుడే ఆయనది.

పెద్దగారు మా సంగతి తెలిసి చెప్పలేదు. ఆయనకు ఆ కథ ఇష్టము, అంతే. మేము మాత్రము ఆ గాలిలో నిలువలేకపోయాము. "అయ్యా, ఏడవ గుంట దగ్గర మా బంతి కదిలింది. కార్డు మీద ఉండవలసినది 60," అన్నాము.

ఆయన కొంతసేపు సముద్రము వైపు చూశారు. తరువాత జేబులో నుండి కార్డు, పొట్టి పెన్సిలు తీసి, 59 కొట్టివేసి 60 వ్రాసి, మా చేతికిచ్చి సంతకము చేయమన్నారు. చేశాము. "టీ దగ్గర చెప్పినది నేను. వచ్చే ఆదివారము సరిచేయవలసినది మీరు," అన్నారు. కొంత దూరము నడిచాక, "మంగళవారం ఖాళీయేనా?" అని అడిగారు.

తరువాతి ఆదివారము అందరి మధ్య చెప్పాము. ఒక ముసలమ్మగారు లేచి వచ్చి మా కప్పులో వేడి టీ పోశారు.

చివరి వారము

వెళ్ళేముందు సెయింట్ ఆండ్రూస్‌లోనే రెండు చోట్ల ఆడాము. ఒకటి బాల్గోవ్, పిల్లలకు, క్రొత్తవారికి పెట్టిన 9 గుంటల మైదానము. రెండవది హిమాలయాలు! 1867లో స్త్రీలు స్థాపించుకొన్న క్లబ్బువారి పచ్చికబయలు అది. చెయ్యి భుజము పైకెత్తి బంతిని కొట్టడము స్త్రీలకు మర్యాద కాదని ఆనాటివారు అనుకొనేవారు. అందుకని దగ్గరనుండి గుంటలో వేసే ఆట మాత్రమే వారికి దక్కింది. మిట్టపల్లాలతో ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. కొద్ది పౌండ్లకే ఎవరైనా ఆడవచ్చు. తాతలు, మనుమరాండ్రు కలిసి ఆడుతున్నారు. అన్ని మైదానాలలోను మాకు ఎక్కువ నవ్వు తెప్పించినది అదే. దానికి కూడా పదికి పది.

బాల్గోవ్‌లో మా లెక్క 63. అందులో ఒక దెబ్బ ఎవరూ చూడనిది. బంతి ముందు కర్ర ఆనించగా అది కదిలింది. చెయ్యి ఎత్తి గట్టిగా చెప్పాము. ఆ కార్డు, 59 కొట్టివేసిన కార్డు రెండూ ఇప్పుడు మా బల్ల సొరుగులో ఉన్నాయి. సంఘపు చందాల పుస్తకము పెట్టేది కూడా ఆ సొరుగులోనే.