చెయ్యి ఆడితేనే గడియారం

ఆటోమేటిక్ వాచీలు ఆగిపోకుండా తిప్పుతూ ఉండటానికి వైండర్ అని ఓ మోటారు పెట్టె అమ్ముతారు. మన భాషలో చెప్పాలంటే, సర్వరు నిద్రపోకుండా పింగులు కొట్టే స్క్రిప్టు లాంటిదన్నమాట. మా నాయనకి ఒకటి కొందామనుకున్నాను.

నాయనది హెచ్ఎంటీ ఆటోమేటిక్. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సహకారంతో బెంగుళూరులో వాచీలు మొదలెట్టిన కంపెనీ అది. 2016లో ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. నాయన వాచీ మాత్రం ఆగలేదు. ఎందుకాగుతుంది? ఆయన కర్నూలు-కడప బస్సులో కండక్టరు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా 200 కిలోమీటర్లు టికెట్లు ఇస్తూ, కడ్డీలు పట్టుకుంటూ తిరిగేవాడు. చెయ్యి ఆడినప్పుడల్లా వాచీ లోపల అర్ధచంద్రం లాంటి బరువు తిరిగి స్ప్రింగుకి కీ ఇస్తుంది. కీ నిండితే ఓ 40 గంటలు నడుస్తుంది.

రిటైరయ్యాక, చేతికి ఉండగానే ఆగిపోవడం మొదలైంది. పాతబస్తీలో వాచీలు బాగుచేసే ఆయన విప్పి చూసి, "దీనికేం కాలేదు సార్, మీ చెయ్యే ఆడల్యా" అన్నాడట.

నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళకి వైండర్ పనికొస్తుంది, కాదనను. కానీ ఒకటే వాచీ ఉన్న మనిషికి? వాచీ నడుస్తుంది, మనిషి నడవడు. అలర్టుని మ్యూట్ చేసి బగ్ ఫిక్సయిందనుకోవడమే కదా!

కొనలేదు. ఇప్పుడు ఎండ ఎక్కకముందే కొండారెడ్డి బురుజు దాకా నడిచొస్తున్నాడు. ఫోన్లో నేను ఆరోగ్యం సంగతి ఎత్తను. "వాచీ ఆడతాందా నాయనా?" అంటాను, అంతే.