నాలుగు అయస్కాంతాల తాళంచెవి

మా అమ్మాయికి పురుడు పోయడానికి వియన్నా వెళ్ళొచ్చానని ఇదివరకు ఒకసారి రాశాను కదా. అక్కడి చలి గురించీ, ఆవకాయ సీసా పెట్టెలో పగిలి నా పట్టుచీర ఎర్రబడిన వైనం గురించీ రాశాను కానీ, తాళంచెవి సంగతి మాత్రం దాచాను. రాయడానికి సిగ్గేసింది. ఇప్పుడు బుజ్జిగాడు బోర్లా పడి, పాకడం కూడా మొదలెట్టాడు కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

దిగిన రోజు సాయంత్రమే మా అల్లుడు నా చేతిలో ఒక తాళంచెవి పెట్టాడు. "అత్తయ్యగారూ, మొత్తం మూడే ఉన్నాయండీ. నాదొకటి, తనదొకటి, ఇది మీది. జాగ్రత్తండీ, పోతే ఇంకోటి చేయించడం పెద్ద పని" అన్నాడు. తిప్పి చూశాను. మన తాళంచెవులకున్నట్టు పెద్ద పళ్ళేమీ లేవు. మందంగా, చదునుగా ఉంది. మధ్యలో వరసగా నాలుగు చిన్న చుక్కలు, బొట్టుబిళ్ళలు అతికించినట్టు. అందం కోసం పెట్టారేమో అనుకున్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు మహా సంతోషం వేసింది. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ రాజమండ్రి దానవాయిపేట ఇంటి తాళాల గుత్తి ఆవిడ బొడ్లోనే ఉండేది. బీరువాది, సామాన్ల గదిది, ఆఖరికి పంచదార డబ్బా పెట్టే అలమారాది కూడా. నేను కాపరానికొచ్చిన పదకొండేళ్ళకి గానీ ఆ గుత్తి నా చేతికి రాలేదు. అది కూడా ఆవిడ మంచాన పడ్డాక. అలాంటిది, ఇక్కడ దిగిన గంటలోనే నా చేతికో ఇంటి తాళంచెవి. హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో భద్రంగా దాచుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

మా అమ్మాయి మొదటి రోజునుంచీ చెబుతూనే ఉంది. "అమ్మా, గుమ్మం దాటితే తాళంచెవి చేతిలో ఉండాలి. దాచుకోవడానికి కాదు అది. ఈ తలుపు లాగితే దానంతటదే పడిపోతుంది. బయటివైపు గుండ్రటి పిడి ఒక్కటే ఉంటుంది, అది తిరగదు." ప్రతిసారీ "అలాగేలేవే, 35 ఏళ్ళుగా ఇల్లు నడుపుతున్నదాన్ని, నాకు తలుపు వేయడం నేర్పుతావా" అనేదాన్ని. మన ఇళ్ళలో తలుపు మనం వేస్తేనే కదా పడేది. గడియ మనం పెట్టాలి, గొళ్ళెం మనం వేయాలి, తాళంకప్ప మనం నొక్కాలి. తలుపే తాళం వేసుకోవడమేమిటని నా ధీమా.

బుజ్జిగాడికి నలభయ్యోరోజు దాటాక ఒక ఉదయం మా అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అల్లుడు ఆఫీసుకి. పిల్లాడు పాలు తాగి ఉయ్యాల మంచంలో పడుకున్నాడు. నేను చారులోకి తాలింపు పెట్టాను. ఎండుమిరపకాయల ఘాటుకి పిల్లాడికి దగ్గొస్తుందని వంటింటి కిటికీ బార్లా తెరిచాను. చారు పక్కన పెట్టి, డైపర్ల సంచి మూటగట్టి, గుమ్మం బయట పెడదామని తలుపు తీశాను. రెండంటే రెండు అడుగులు. వంగి సంచి కింద పెట్టానో లేదో, వెనకనుంచి గాలి కొట్టింది. ధన్‌మని తలుపు పడింది.

ఆ చప్పుడికి పిల్లాడు లేచాడు.

నేను నైటీ మీద స్వెట్టరుతో, మేజోళ్ళతో మూడో అంతస్తు మెట్ల దగ్గర. ఫోను లోపల. తాళంచెవి లోపల, జిప్పులో భద్రంగా. ఆ పిడి పట్టుకుని ఎంత తిప్పినా తిరగదు, గోడకి కొట్టిన మేకులా ఉంది. లోపల వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. స్టవ్ ఆపానా? చారు దింపడం గుర్తుంది, పోపు గరిటె కడిగేసిన తొట్టిలో వేయడం గుర్తుంది, బటను తిప్పానా లేదా అన్నదొక్కటే గుర్తు లేదు. ఈ అనుమానం ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. సినిమాహాల్లో సగం సినిమాకి లేచొచ్చేసినవాళ్ళం కదా మనం.

ఎదురు తలుపు బాదాను. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కర్తీ ఉంటుంది. మేం వండే వాసన మెట్లదాకా వస్తోందని ఒకసారి మా అమ్మాయితో ఏదో అందిట. అప్పటినుంచీ వీళ్ళు ఆవిణ్ణి చూస్తే తల దించుకుని పోతారు. నాకూ ఆవిడంటే బెరుకే. కానీ ఇప్పుడు బెరుకుకి టైమెక్కడిది. ఆవిడ తలుపు తీసేసరికి నాకు తెలుగు తప్ప ఏ భాషా నోట రాలేదు. మా తలుపు చూపించి "బేబీ, బేబీ" అన్నాను. జర్మన్‌లో కూడా బేబీ అంటే బేబీయేనట, అదృష్టం.

ఆవిడకి ఇట్టే అర్థమైంది. ఫోను తెచ్చి నా చేతికిచ్చింది, మీ అమ్మాయికి చెయ్యమన్నట్టు. అప్పుడు తెలిసింది నాకు మా అమ్మాయి నెంబరు రాదని. ఫోనులో పేరు నొక్కడమే గానీ అంకెలు ఎప్పుడు చూశాను? మా రాజమండ్రి ఇంటి పాత ల్యాండ్‌లైను నెంబరు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కన్నకూతురి నెంబరు చెప్పలేకపోయాను.

ఆవిడ గుమ్మం పక్కన మేకుకి తాళంచెవి వేలాడుతోంది. అచ్చం నాదే! అదే మందం, అవే నాలుగు చుక్కలు. మా వీధిలో పక్కింటివాళ్ళ తాళంచెవితో మా తాళంకప్ప ఎన్నిసార్లు తీయలేదు? దాన్ని చూపించి దణ్ణం పెట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది, అది పనిచెయ్యదన్నట్టు. అయినా నా మొహం చూసి, తెచ్చి నాకిచ్చింది. పెట్టాను. పూర్తిగా లోపలికి వెళ్ళింది. నా గుండె ఒక్కసారి గొంతులోకొచ్చింది. తిప్పాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చేతులు వణుకుతున్నాయి. తీసి, తిరగేసి పెట్టాను. ఊహూఁ. ఆవిడ మెల్లగా నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, ఫోనులో 122 కొట్టింది. ఆవిడ మాటల్లో నాకు అర్థమైంది "బేబీ" ఒక్కటే, రెండుసార్లు.

ఆ తలుపుకి ఉత్తరాలు వేసే సన్నటి చీలిక ఉంది. నేల మీద కూర్చుని, దాని రేకు ఎత్తి పట్టుకుని, వాడికి లాలి పాడాను. ఏం పాడానో, ఎన్నిసార్లు పాడానో తెలీదు. గొంతు వణికి పాట పాటలా లేదు. కాసేపటికి వాడి ఏడుపు వెక్కిళ్ళయింది. తర్వాత అదీ ఆగింది. ఏడుపు ఆగితే సంతోషించాలి కదా, నాకు ఇంకా భయమేసింది. ఆవిడ వచ్చి నా భుజాల మీద ఒక శాలువా కప్పి, పక్కనే మెట్టు మీద కూర్చుంది.

122 అంటే అక్కడ ఫైరింజనుట. ముగ్గురు మనుషులు గబగబా ఎక్కొచ్చారు. గొడ్డళ్ళతో తలుపు విరగ్గొడతారని నేను సిద్ధపడ్డాను. వాళ్ళలో ఒకతను ఎక్స్‌రే ఫిల్ములా ఉన్న ప్లాస్టిక్ రేకు తీసి, తలుపు సందులో దూర్చి, కిందకీ పైకీ ఆడించి భుజంతో ఒక్క తోపు తోశాడు. అంతే. తాళాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

వాడు పిడికిలి నోట్లో పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. స్టవ్ ఆపే ఉంది.

నేను వాణ్ణెత్తుకుని ఏడుస్తుంటే మా అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఇంటి ముందు ఎర్ర బండి చూసి పరిగెత్తుకొచ్చిందిట, పురిటి ఒంటితో మూడంతస్తులు. రొప్పుతూ నన్ను చూసింది, వాణ్ణి చూసింది, వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడు వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, తాళంచెవి బల్ల మీద పెట్టి నాకు పాఠం చెప్పాడు. ఒక గుండుసూది దగ్గరికి జరిపాడు. టక్కున అంటుకుంది. ఆ చుక్కలు అందం కోసం కాదుట, అయస్కాంతాలు. ఒక్కోదాని ఉత్తర దిక్కు ఒక్కోవైపు ఉండేలా పెడతారుట. తాళం లోపల కూడా అయస్కాంతపు చక్రాలు ఉంటాయి, తాళంచెవికి ఒకవైపు నాలుగు, ఇంకోవైపు నాలుగు, మొత్తం ఎనిమిది. చిన్నప్పుడు స్కూల్లో దిక్సూచి దగ్గర అయస్కాంతం పెడితే ముల్లు గిర్రున తిరిగేది చూడండి, అదే కిటుకు. తాళంచెవి లోపలికి వెళ్ళగానే ఎదురుగా ఉన్న చుక్కని బట్టి ఒక్కో చక్రం తిరిగి నిలబడుతుంది. ప్రతి చక్రం అంచుకీ ఒక గాడి. అన్ని గాళ్ళూ సరిగ్గా రావలసిన చోటికి వస్తేనే ఒక కమ్మీ వాటిల్లోకి దిగి, తాళం తిరగడానికి దారిస్తుంది. ఒక్క చక్రం పక్కకి చూసినా కమ్మీ దిగదు, తాళం కదలదు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఒకదాన్నొకటి ముట్టుకోకుండానే ఈ తతంగమంతా నడుస్తుంది.

"ఎదురింటావిడ తాళంచెవి చూడ్డానికి మనదిలాగే ఉంటుందండీ. లోపల అయస్కాంతాలు చూసే దిక్కులు వేరు. అది కంటికి కనపడదు" అన్నాడు. ఇలాంటి తాళాలు ఆ ఊళ్ళోనే, 1919లో మొదలైన ఎవ్వా అనే కంపెనీ చేస్తుందిట. తాళంతో పాటు ఒక కార్డు ఇస్తారు. అది చూపించి ఆర్డరిస్తేనే ఇంకో తాళంచెవి. మా మెయిన్ రోడ్డులో గొడుగు కింద కూర్చుని, పాత తాళంచెవిని చూస్తూ ఆకురాయితో కొత్తది అరగదీసిచ్చే ముసలాయన గుర్తొచ్చాడు. ఆకారమైతే ఆయన దింపేస్తాడు. దిక్కులు ఎక్కడ చూసి దింపుతాడు, పాపం.

"మరి ఇంత గొప్ప తాళాన్ని ప్లాస్టిక్ ముక్కతో తీశారే?" అనడిగాను. ఇంత దెబ్బ తిన్నా నా నోరు ఊరుకోదు. అల్లుడు నవ్వాడు. తలుపు గాలికి పడినప్పుడు స్ప్రింగు నాలుక ఒక్కటే పడుతుందిట. అయస్కాంతాలు కాపలా కాసే అసలు గడియ మనం తాళంచెవితో తిప్పితేనే పడేది. "అదీ పడి ఉంటే ఇంత సులువుగా వచ్చేది కాదండీ, తాళాన్నే డ్రిల్లుతో తీయాల్సొచ్చేదేమో" అన్నాడు. మా అమ్మాయి ఇదంతా వింటూ అన్నం కలుపుతూనే ఉంది, తలెత్తలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. అవసరమైన మాటలే. నేను మనసులో తిరుగు టికెట్టు ముందుకి జరుపుకోవడం దాకా వెళ్ళాను. నాకిచ్చిన తాళంచెవి తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం దగ్గరి గిన్నెలో పడేశాను.

మూడో రాత్రి, రెండింటికో మూడింటికో, వాడికి పాలిస్తుంటే నేను గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళాను. చీకట్లో అంది. "అమ్మా, ఆ బండి చూడగానే వీడికేమైందో అనుకోలేదు నేను. నీకేమైందో అనుకున్నాను. బీపీ మాత్ర వేసుకున్నావో లేదో అడక్కుండా వెళ్ళానని మెట్ల పొడుగునా అదే. పైకొచ్చాక, కన్నతల్లినై ఉండి ముందు వీడు గుర్తుకు రాలేదేంటని నా మీద నాకే కోపమొచ్చింది. నీ మీద కాదు."

నేనేమనలేదు. గ్లాసు అందించి, పాదాల మీద దుప్పటి సర్దాను.

మర్నాడు పొద్దున్నే గిన్నెలోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టబోయింది. నాకొద్దన్నాను. పులిహోర కలిపి, వెండి గిన్నెలో పెట్టి, అమ్మాయిని వెంటబెట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. తాళంచెవి కూడా తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాం. ఆవిడ ఏదో చెబుతూ పోయింది, అమ్మాయి మధ్యమధ్యలో నాకు తెలుగులో చెప్పింది. ఆవిడా పిల్లాణ్ణి లోపల పెట్టి బయట ఉండిపోయిందిట ఒకసారి. పాలసీసా కోసం కింద దుకాణానికి వెళ్ళొచ్చేసరికి తలుపు పడిపోయిందిట. ఆ పిల్లాడికిప్పుడు మనవలు. పులిహోర వాసన చూసి మొహం చిట్లించింది, కానీ గిన్నె ఇవ్వలేదు. మర్నాడు ఆపిల్ ముక్కలు పెట్టి చేసిన ఏదో మిఠాయి వేసి పంపింది.

మిగిలిన రోజుల్లో నేను బయటికెళ్ళాలంటే అమ్మాయి తాళంచెవి తీసుకుని, దాన్ని దారానికి కట్టి మంగళసూత్రాల పక్కనే మెళ్ళో వేసుకునేదాన్ని. చెత్త పెట్టడానికి రెండడుగులు వేయాలన్నా సరే. కూతురి నెంబరు కంఠతా పట్టాను, దేశం కోడ్‌తో సహా. 90 రోజుల వీసా అయిపోయి వచ్చేశాను.

మొన్న ఆదివారం ఫోన్లో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. అల్లుడు నిక్కరుతో చెత్త పెట్టడానికి వెళ్ళి బయట ఉండిపోయాడట. ఎదురింటావిడ తలుపు తీసి, తాళంచెవి ఇచ్చి, జర్మన్‌లో ఓ పెద్ద క్లాసు పీకిందిట. చివర్న, మీ అమ్మగారు మళ్ళీ ఎప్పుడొస్తారు, ఆ పసుపు అన్నం ఎలా చేస్తారో రాసి పంపమను అందిట.