ఒక్క సూది చాలదా మేడమ్?

"అన్నీ కనిపెట్టేశారుగా అమ్మమ్మా, సైంటిస్టులకు ఇంకా పనేముంటుంది?" అని మొన్న మా మనవరాలు అడిగింది. రిటైరైన సైన్స్ టీచర్ని. టక్కున జవాబు చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. పాత లైను ఒకటి కళ్ళ ముందు కదిలింది.

2009లో భద్రాచలం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసేదాన్ని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గార్డసిల్ టీకా, మూడు సూదులు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి జూలైలో మొదలుపెట్టాయి. అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు, దాదాపు 14 వేల మంది పిల్లలు. వార్డెన్ సంతకాలు పెడుతుంటే ఫారాలు అందించింది నేనే. తల్లులు వాగు అవతల గూడేల్లో ఉన్నారు, అంతదూరం ఎవరు పోతారులే అనుకున్నాం.

లైన్లో ఏడో తరగతి కోయ పిల్ల అడిగింది: "మూడెందుకు? ఒక్క సూది చాలదా మేడమ్?"

"పెద్దవాళ్ళు తేల్చేశారు, నువ్వు నిలబడు" అన్నాను. క్లాసులో ప్రశ్నలడగండర్రా అని ఊదరగొట్టిన నోటితోనే.

టీకా వేసుకున్న కొందరు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు వచ్చి హాస్టళ్ళలో మాట్లాడాయి. 2010 ఏప్రిల్లో కేంద్రం ఆపేసింది. మరణాలకు టీకా కారణంగా కనిపించడం లేదని విచారణ సంఘం చెప్పింది. చెప్పిన కారణాల్లో పురుగుమందు కూడా ఉంది. ఆ వయసు ఆడపిల్ల పురుగుమందు ఎందుకు తాగింది? అది ఏ శాస్త్రం కిందికొస్తుందో!

2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. మన రాష్ట్రానివి 9,543 ఫారాలు చూస్తే 2,763 మీద వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. ఆ 2,763లో నేనందించినవీ ఉంటాయి.

ఇక్కడి గొడవతో దేశంలో ఇంకో పరిశోధన కూడా ఆగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థది. రెండు సూదులా, మూడా అని పోల్చి చూడడానికి పెట్టుకున్నది. మధ్యలో ఆగిపోవడంతో దాదాపు 5 వేల మంది అమ్మాయిలకు ఒక్కటే పడింది. పరిశోధన పాడైపోయినట్టే లెక్క. అయినా వాళ్ళను వదలకుండా ఏళ్ళ తరబడి గమనించారు. ఒక్క సూదీ దాదాపు మూడింటంత కాపాడుతోందని 2021లో లాన్సెట్ ఆంకాలజీలో రాశారు. తొమ్మిది నుంచి ఇరవయ్యేళ్ళ వాళ్ళకు ఒక్కటి ఇచ్చినా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది.

పదమూడేళ్ళు పట్టింది, ఆ పిల్లకు జవాబు రావడానికి. ఇప్పుడు ముప్పైకి దగ్గరపడి ఉంటుంది. ఎవరైనా వెళ్ళి చెప్పారో లేదో. నేను చెప్పలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి ఆ ఒక్కటి ఎన్నేళ్ళు పనిచేస్తుంది?" అంది.

"పదేళ్ళ పైదాకా చూశారు. ఆ తర్వాతది ఇంకా చూస్తున్నారు" అన్నాను.