ముందు గెలవగలిగిన ఆట

ప్రిన్సిపాల్‌గా చేరిన కొత్తలోనే ఆఫీసు గది బయట గోడ మీద పదహారు సూత్రాలు రాయించాను. నిబద్ధత, నిస్వార్థం, ఐకమత్యం, రోజూ కాస్త మెరుగవడం, ఓటమిని ఒప్పుకోకపోవడం... ఇలా. అవి నా సొంతం కావు. అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి బిల్ స్నైడర్ అనే కోచ్ పెట్టిన సూత్రాలు. ఆ జట్టు లేచి నిలబడిన తొలి ఏళ్ళలో నేను అదే యూనివర్సిటీలో జొన్న మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అంతా దగ్గరనుంచి చూశాను కాబట్టి, కుంగిపోయిన సంస్థని ఎలా లేపాలో నాకు తెలుసనుకున్నాను. ఆ నమ్మకంతో చేసిన పనుల వల్ల చాలామంది పిల్లలు నష్టపోయారు, ఇద్దరు మంచి అధ్యాపకులు వెళ్ళిపోయారు. కారణం అర్థమయ్యేసరికి నేను రిటైరయ్యాను.

నేను అక్కడికి వెళ్ళడం వింతేమీ కాదు. 1950ల చివరినుంచి 1970ల మొదటి దాకా మన ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ విద్యకి తోడ్పడింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీయే. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అక్కడి ఆచార్యుల సాయం ఉంది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో మాకు పాఠాలు చెప్పినవాళ్ళలో కొందరు అక్కడ చదివి వచ్చినవాళ్ళే. అందుకే 1988లో నేను ఆ యూనివర్సిటీ ఉన్న మన్‌హాటన్ అనే చిన్న ఊరికి చేరేటప్పటికే దాని పేరు నాకు పాతదే. న్యూయార్క్ మన్‌హాటన్ కాదిది. కాన్సాస్ రాష్ట్రంలో గడ్డి కొండల మధ్య ఉన్న ఊరు. చుట్టూ గోధుమ, జొన్న, పశువులు. నాకు బెంగ అనిపించలేదు.

ఆ ఊరివాళ్ళకి ఒక దిగులుండేది. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు. మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదది. కోల బంతిని చేత పట్టుకుని పరిగెత్తాలి, లేదా విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోగలిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. లేకపోతే బంతి అవతలివాళ్ళ చేతికి పోతుంది. శనివారం వస్తే అమెరికాలో యూనివర్సిటీ ఊళ్ళన్నీ ఈ ఆట చుట్టూ తిరుగుతాయి. పెద్ద స్థాయిలో ఆడే యూనివర్సిటీలన్నిటిలో ఐదువందల ఆటలు ఓడిన మొదటి జట్టు కాన్సాస్ స్టేట్. 1986 అక్టోబర్ తర్వాత వాళ్ళు ఒక్క ఆటా గెలవలేదు. 1987లో ఒకటి సమంగా ముగిసింది, అంతే. దేశంలో ఇంతకంటే నిష్ఫలమైన జట్టు లేదని 1989లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక పెద్ద వ్యాసమే వేసింది.

స్నైడర్ 1988 చివర్లో వచ్చాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. అయోవాలో హేడెన్ ఫ్రై దగ్గర పదేళ్ళు సహాయకుడిగా చేశాడు తప్ప యూనివర్సిటీ జట్టుకి ప్రధాన కోచ్‌గా చేసింది లేదు. మెత్తగా మాట్లాడేవాడు. రోజుకి ఒక్కపూటే భోంచేస్తాడని, అర్ధరాత్రి దాటేదాకా ఆఫీసులో దీపం వెలుగుతూనే ఉంటుందని చెప్పుకునేవాళ్ళు. కుర్రవాడినైన నాకు అవన్నీ బాగా పట్టాయి. గొప్పవాళ్ళంటే ఇలా ఉండాలనుకునేవాణ్ణి.

1989 సెప్టెంబర్ 30న నార్త్ టెక్సాస్ జట్టు మీద ఆఖరి క్షణంలో, ఆఖరి పాస్‌తో 20-17తో గెలిచారు. ముప్ఫై ఆటల తర్వాత వచ్చిన గెలుపు. మా ల్యాబ్‌లో పనిచేసే ఒక పెద్దాయన సోమవారం పొద్దున కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. చిన్నప్పటినుంచి ఆ జట్టు ఆట చూస్తున్నవాడు. నేను నార్త్ టెక్సాస్ గురించి పేపర్లో చదివి ఉన్నాను: కింది శ్రేణి జట్టు. ఆ మాటే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "ఈ కుర్రాళ్ళలో చాలామందికి గెలిస్తే ఎలా ఉంటుందో మొన్ననే తెలిసింది" అన్నాడు. నేను ఆ మాటని ఒక అభిమాని సంబరంగా తీసుకుని వదిలేశాను. ఇన్నేళ్ళ తర్వాత చూస్తే, ఆ ఊళ్ళో నేను నేర్చుకోవాల్సిన పాఠం అదొక్కటే. నేర్చుకోలేదు.

ఆ ఏడు మొత్తం మీద వాళ్ళు గెలిచింది అదొక్క ఆటే. పది ఓడారు. మరుసటి ఏడాది ఐదు గెలిచారు, ఆ పై ఏడాది ఏడు గెలిచారు. 1992లో మళ్ళీ ఐదుకి పడిపోయారు. 1993లో తొమ్మిది గెలిచి, కాపర్ బౌల్ అనే సీజన్ చివరి ఆటలో వయోమింగ్‌ని 52-17తో ఓడించారు. ఆ యూనివర్సిటీ చరిత్రలో బౌల్ ఆట గెలవడం అదే మొదలు. నేను అప్పటికి ఇండియాకి వచ్చేశాను. అక్కడి స్నేహితులు పేపర్ కత్తిరించి పంపితే చాలా రోజులు దాచుకున్నాను. 1998లో వరసగా పదకొండు గెలిచి దేశంలో మొదటి స్థానందాకా వెళ్ళారు. 2003 డిసెంబర్లో అప్పటి నంబర్ వన్ ఓక్లహామాని 35-7తో చిత్తు చేసి తమ కూటమి (కాన్ఫరెన్స్) అయిన బిగ్ 12 టైటిల్ గెలిచారు. ఆ వార్త వేడి తగ్గకముందే నాకు ఒక వ్యవసాయ పాలిటెక్నిక్ బాధ్యత అప్పగించారు. ఏ ఊరో చెప్పను. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళకి దీనితో సంబంధం లేదు.

పదో తరగతి అయ్యాక రెండేళ్ళ డిప్లొమాకి వచ్చే పిల్లలు. ఎక్కువమంది రైతుకూలీల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు, వేరే ఎక్కడా సీటు రాక వచ్చినవాళ్ళు. ఫలితాలు బాగాలేవు. మధ్యలో మానేసి వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉండేవాళ్ళు. అధ్యాపకులు "సరుకే అలాంటిది సార్" అనేవాళ్ళు. నేను ఆ మాట ఒప్పుకోలేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ వెంటనే చేసినవి చూడండి. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్. వారానికొక పరీక్ష, పేపర్ బీఎస్సీ స్థాయిలో ఉండాలని నా పట్టుదల, తల ఎత్తి చూస్తేనే ఎదుగుతారని. మార్కులు నోటీసు బోర్డు మీద. పొలంలో ఒక్కో గుంపుకి కొంత నేల ఇచ్చి మిరప వేయమన్నాను. మా ప్రాంతంలో డబ్బు తెచ్చే పంట అదే, నేర్చుకుంటే పనికొస్తుందని. రాత్రి పది దాటినా నేను ఆఫీసులోనే ఉండేవాణ్ణి.

పరీక్షల్లో వారం వారం సున్నాలు, ఐదులు. నారు దశ దాటిందో లేదో మిరపకి తామర పురుగులు పట్టి పై ముడత వచ్చింది. మందు ఎప్పుడు కొట్టాలో తెలిసేలోపే మొక్కలు గిడసబారిపోయాయి. అనుభవమున్న రైతే నష్టపోయే పంటని, చేలో మొదటిసారి సొంతంగా నిలబడ్డ పిల్లల చేతిలో పెట్టాను. పంట పోయాక వాళ్ళని వరసగా నిలబెట్టి శ్రద్ధ లేదన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. శ్రద్ధ ఉంది. ఆదివారాలు కూడా నీళ్ళు మోసినవాళ్ళు ఉన్నారు. చేయగలిగినదంతా చేశాక కూడా ఓడిపోవచ్చని ఆ పిల్లలు నేర్చుకున్నారు, ఆ పాఠం నేర్పింది నేను. సంక్రాంతి సెలవులకి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.

స్టాఫ్ మీటింగులో కీటకశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన లేచి, "సార్, మొదటి పరీక్ష వాళ్ళకి వచ్చినదాంట్లోంచే ఇద్దాం. పొలంలో కూడా ముందు ఆకుకూరలు వేయిద్దాం, నెలకి చేతికొస్తాయి" అన్నాడు. "ఇది బాలబడి కాదండీ" అన్నాను అందరి ముందూ. ఆయన కూర్చున్నాడు. కొన్నాళ్ళకి ఆయనా, ఆయనతోపాటు ఇంకొకరూ బదిలీ అడిగి వెళ్ళిపోయారు. నేను నిబద్ధత లేనివాళ్ళు పోయారనే అనుకున్నాను. గోడ మీద మొదటి సూత్రం అదే మరి.

నా హయాం మంచి పేరుతో ముగియలేదు. దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు.

రిటైరయ్యాక ఒకసారి, పూర్వ విద్యార్థుల సభలో స్నైడర్ గురించి మాట్లాడమంటే పాత కాగితాలు తిరగేశాను. ఒక్కో ఏడు ఎవరెవరితో ఆడారో ఆ జాబితాలు ముందుపెట్టుకుని చదవడం అదే మొదటిసారి. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఏడాదికి పదకొండు ఆటలు. అందులో ఏడు వాళ్ళ కాన్ఫరెన్స్‌లోవే, తప్పించుకునే వీల్లేదు. నెబ్రాస్కా, ఓక్లహామా, 1990లో దేశ చాంపియన్‌గా నిలిచిన కొలరాడో. మిగతా నాలుగూ ఎవరితో ఆడాలో యూనివర్సిటీ ఇష్టం. ఆ నాలుగింట్లోనూ గెలవగలిగిన జట్లని ఎక్కువగా చేర్చుకుంటూ వచ్చారు: 1990లో వెస్టర్న్ ఇలినాయ్, న్యూ మెక్సికో స్టేట్, 1991లో ఇండియానా స్టేట్, ఐడహో స్టేట్. దీని మీద స్నైడర్‌ని చాలామంది విమర్శించారు, మెత్తటి జట్లని ఏరుకుంటున్నాడని. నేను కూడా ఆ రోజుల్లో అలాగే అనుకుని, అది ఆయనలోని చిన్న లోపంగా పక్కన పెట్టాను. కానీ గెలవడం మరిచిపోయిన జట్టుకి సెప్టెంబర్లో రెండు మూడు గెలుపులు దొరికితేనే అక్టోబర్లో నెబ్రాస్కా ముందు నిలబడే ఓపిక వస్తుంది. పొద్దున కండలు కరిగించిన కష్టానికి శనివారం ఏదో ఒక ఫలితం కళ్ళకి కనిపించాలి. నేను గోడ మీది సూత్రాలని, గడియారంలోని పనిగంటల్ని తెచ్చుకున్నాను. షెడ్యూలు తెచ్చుకోలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. తనకి వచ్చిన పిల్లలు మంచివాళ్ళు కాదని ఆయన వంక పెట్టినట్టు నేను వినలేదు. పెద్ద యూనివర్సిటీల వాళ్ళు పట్టించుకోని రెండేళ్ళ జూనియర్ కాలేజీల కుర్రాళ్ళని వెతికి తెచ్చేవాడు. 1998లో దేశంలో రెండో అత్యుత్తమ ఆటగాడిగా ఓట్లు పడ్డ మైకేల్ బిషప్ టెక్సాస్‌లోని బ్లిన్ అనే జూనియర్ కాలేజీనుంచి వచ్చినవాడే. ఆయన దగ్గర పనిచేసిన సహాయకులు కూడా పైకి ఎదిగారు. వాళ్ళలో ఒకడైన బాబ్ స్టూప్స్ తర్వాత ఓక్లహామాకి వెళ్ళి 2000లో దేశ టైటిల్ గెలిచాడు. ఇక యూనివర్సిటీ అధ్యక్షుడు జాన్ వెఫాల్డ్, మొదటి ఏడు ఒకటి గెలిచి పది ఓడినా, 1992లో వెనక్కి జారినా, కోచ్ మీద చెయ్యి వెయ్యలేదు. నా లెక్చరర్‌కి నేను ఒక్క మీటింగులో పూర్తిగా మాట్లాడే అవకాశం ఇవ్వలేదు.

అయితే సులువు జట్లతో ఆడడానికి ఖరీదు లేకపోలేదు. అది దాచి చెబితే నేను మళ్ళీ అదే తప్పు చేసినట్టు. 1998లో ఇండియానా స్టేట్ మీద 66-0, నార్తర్న్ ఇలినాయ్ మీద 73-7 లాంటి గెలుపులు చూసి ఎవరూ అబ్బురపడలేదు. కాన్ఫరెన్స్ ఫైనల్లో టెక్సాస్ ఎ అండ్ ఎం చేతిలో రెండో ఓవర్‌టైమ్‌లో 36-33తో ఓడిపోయాక, ఒకే ఒక్క ఓటమి ఉన్న ఆ జట్టుని పెద్ద బౌల్ ఆటలన్నీ వదిలేశాయి. అలామో బౌల్‌కి పోవాల్సొచ్చింది, అక్కడా పర్డ్యూ చేతిలో ఓడారు. సులువు ఆటలు ఎక్కడ ఆపాలన్నది పెద్ద ప్రశ్నే. స్నైడర్ 2005లో దిగిపోయి, జట్టు మళ్ళీ జారితే 2009లో డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో తిరిగి వచ్చి, 2012లో ఇంకోసారి కాన్ఫరెన్స్ టైటిల్ పంచుకున్నాడు. 2018లో మానేసేనాటికి 215 గెలుపులు. అంత అనుభవమున్నవాడు కూడా ఆ ప్రశ్నని ప్రతి ఏడూ కొత్తగా ఎదుర్కొన్నాడనే నేననుకుంటాను.

సభ అయ్యాక ఆ కీటకశాస్త్రం లెక్చరర్‌కి ఉత్తరం రాశాను. ఆయన తర్వాత వేరే జిల్లాలో అలాంటి పాలిటెక్నిక్‌కే ప్రిన్సిపాల్ అయ్యాడని తెలిసింది. ఆ రోజు మీటింగులో అన్న మాటకి క్షమించమని అడిగాను. అక్కడ ఏం చేశారో చెప్పమని కూడా అడిగాను. జవాబులో క్షమించానని గానీ లేదని గానీ రాయలేదు. మొదటి పంటగా పాలకూర, మెంతికూర, తోటకూర వేయించామని, నెలలోపే కోసి పిల్లలే సంతకి తీసుకెళ్ళి అమ్మారని, ఆ డబ్బు వాళ్ళకే ఇచ్చామని రాశాడు. పరీక్షల సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు: మొదటి పేపర్లో ఎవరూ తప్పలేదు, మూడో పేపర్నుంచి కష్టం చేస్తూ వచ్చాం. ఆకుకూరలు ఎన్నాళ్ళు వేయించారన్న నా ప్రశ్నకి జవాబు మాత్రం నేను అనుకున్నట్టు లేదు. రెండో పంటకే మిరప వేయించాడట. ఆ ఏడు కూడా పై ముడత వచ్చి సగం మడులు పోయాయి. పిల్లలు పోయిన మొక్కల ఆకులు తెచ్చి లెన్స్ కింద పెట్టి, పురుగు ఎప్పుడు పట్టి ఉంటుందో తేదీలు వేసుకుంటూ కూర్చున్నారు. సంక్రాంతికి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళందరూ తిరిగి వచ్చారని చివర్లో రాశాడు, ఆ కింద మరుసటి ఏడు మిరప నారు ఏ వారంలో పోయించాలనుకుంటున్నదీ వివరంగా రాసి, నా అభిప్రాయం అడిగాడు.