వదలని నేస్తం

ఇల్లూ ఊరూ వదిలి పారిపోయేవాళ్లు ఏం తీసుకెళ్తారు? చేతికందిన నగానట్రా, నాలుగు బట్టలు. 1945లో సోవియట్ సేనలు హంగరీని ఆక్రమించినప్పుడు దేశం దాటిన కొందరు మాత్రం తమ కుక్కల్నీ వెంట తీసుకెళ్లారు. ఆ జాతి పేరు విజ్లా!

అప్పటికే యుద్ధంలో చాలా కుక్కలు చచ్చిపోయాయి. జాతే అంతరించిపోయే పరిస్థితి. దేశంలో మిగిలిన కొద్దిపాటివీ, సరిహద్దు దాటినవీ కలిసి దాన్ని నిలబెట్టాయి. షారి అనే ఆడకుక్క రెండు పిల్లలతో 1950లో అమెరికా చేరింది. పదేళ్లకే అక్కడి కెన్నెల్ క్లబ్ విజ్లాను గుర్తించింది.

ఎందుకంత మక్కువ? ఈ ఒక్క కుక్కే అన్ని పనులూ చేస్తుంది మరి. గడ్డిలో నక్కిన పిట్టను వాసనతో పసిగట్టి, ముందు కాలు ఎత్తి బొమ్మలా నిలబడిపోతుంది. తుపాకీ పేలాక నీళ్లలోకైనా దూకి పిట్టను తెచ్చిస్తుంది.

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం భుజం దగ్గర మగది 58-64, ఆడది 54-60 సెంటీమీటర్ల ఎత్తుండాలి. రంగు తుప్పు కలిసిన బంగారు వన్నె. ముక్కు నల్లగా ఉండకూడదు. వెంట్రుకలు పొట్టిగా, నున్నగా ఉంటాయి. లోపల ఉన్నిలాంటి పొర ఉండదు కాబట్టి చలికి తట్టుకోలేదు.

అడవిలో అంత చురుకైన ఈ వేటకుక్క ఇంట్లో ఒంటరిగా మాత్రం ఉండలేదు. యజమాని ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకే! అందుకే దానికి 'వెల్‌క్రో డాగ్' అని ముద్దుపేరు. అన్నీ వదిలేసిన ఆ మనుషులు దాన్నెందుకు వదల్లేకపోయారో వేరే చెప్పాలా? అసలు అది వదిలితే కదా!