నత్తయు కొరడాయు

ఎదుటివానిని చూచి నవ్వుట మన కందరకును సులభముగనే అబ్బును. మనలను చూచి మరియొకడు నవ్వినప్పుడు ఏమి చేయుదుమో దానినిబట్టియే మన సంస్కారము తేలును. ఈ నియమము రాజ్యమేలువారికిని వర్తించును. వ్యంగ్యచిత్రకారుడు గీయునవి నాలుగు గీతలు మాత్రమే. అయినను ఆ నాలుగు గీతలకే చెరసాలలు తలుపులు తెరచిన దినములు కలవు. ఫ్రాన్సుదేశమున లూయీ ఫిలిప్పు రాజును ప్రజల ధనమును మ్రింగు మహోదరునిగా చిత్రించినందులకు దోమ్యే అను చిత్రకారుడు 1832వ సంవత్సరమున కారాగృహము చేరవలసివచ్చెను. అంత దూర మేల? 1987లో మన పొరుగుననున్న తమిళనాట, శాసనసభ్యులను మంత్రులను పరిహసించిన చిత్రము నొకదానిని ముఖపత్రముపై ప్రకటించినందుకు 'ఆనంద వికటన్' సంపాదకులైన బాలసుబ్రమణియన్‌గారికి అక్కడి శాసనసభ మూడు మాసముల జైలుశిక్ష విధించెను. నలుదెసల నిరసన చెలరేగుటచే కొలది దినములలోనే వారిని విడువవలసివచ్చెను.

ఇట్టి కథలు చదివి చదివి మా మనస్సున ఒక సూత్రము స్థిరపడియుండెను: వ్యంగ్యచిత్రమును చూచి నొచ్చుకొనువాడు స్వాతంత్ర్యమునకు శత్రువు. ఈ సూత్రము ఎంత అరకొరయో మాకు తెలియవచ్చిన విధమును చదువరులకు విన్నవింపదలచితిమి. అందు మా తప్పును కలదు కావున దాచక చెప్పుదుము.

కేశవ శంకర్ పిళ్లైగారు 1948లో ఢిల్లీ నగరమున 'శంకర్స్ వీక్లీ' అను వ్యంగ్యపత్రికను నెలకొల్పిరి. దానిని ప్రారంభించినవారు నెహ్రూగారు. తమ్మును విడిచిపెట్టవలదని వారు శంకరుగారిని కోరిన సంగతి లోకవిదితము. ఆ పత్రికలో 1949 ఆగస్టునెలలో ఒక చిత్రము వెలువడెను. రాజ్యాంగమను పేరుగల నత్తపై డాక్టరు అంబేద్కరుగారు కూర్చుండియున్నారు. వారి చేతిలో ఒక కొరడా. వెనుక నెహ్రూగారు నిలిచి మరియొక కొరడా ఎత్తియున్నారు. జనసమూహము చూచుచున్నది. రాజ్యాంగరచన నత్తనడకగా సాగుచున్నదని ఆనాటివారి ఫిర్యాదు. దానికే శంకరుగారు రూపమిచ్చిరి. అప్పుడు అంబేద్కరుగారు న్యాయశాఖామంత్రులు, రాజ్యాంగ ముసాయిదా సంఘాధ్యక్షులు. మంత్రిని గూర్చి పత్రిక పరిహాసమాడుట క్రొత్తయు కాదు, తప్పును కాదు.

ఆ చిత్రమును 2006లో పదునొకండవ తరగతి రాజనీతిశాస్త్ర పుస్తకమున చేర్చిరి. రాజ్యాంగమునకు అంతకాల మేల పట్టెనో ఆలోచింపుడని విద్యార్థులను ప్రశ్నించుటయే దాని ప్రయోజనము. ఆరేండ్ల పిదప, 2012 మేనెలలో, ఇది అంబేద్కరుగారికి అవమానమని పార్లమెంటున గొప్ప అలజడి పుట్టెను. చిత్రమును తొలగింతుమని ప్రభుత్వము ప్రకటించెను. పుస్తకమునకు ముఖ్య సలహాదారులైన సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ గార్లు తమ బాధ్యతలను విడిచిరి. పూనాలో పల్షీకరుగారి కార్యాలయముపై కొందరు పడి సామగ్రిని ధ్వంసము చేసిరి.

మా పఠనమందిరమున ఆదివారపు సాయంకాలములందు కొందరు యువకులు కూడుట అలవాటు. ఆ వేసవిలో ఒకనాడు మేము ఈ చిత్రమును తెచ్చి బల్లపై పరచి, వాక్స్వాతంత్ర్యమును గూర్చి ప్రసంగించితిమి. దోమ్యేను చెప్పితిమి, వికటన్‌ను చెప్పితిమి. అందరును తలలూచిరి. ఒక్కడు మాత్రము ఊపలేదు. అతడు మా పూర్వశిష్యుడు, దళితవాడ పిల్లవాడు, ఆనాటికి కళాశాలలో చదువుచుండెను.

"ఏమి నాయనా, నీ అభిప్రాయమేమి?" అని అడిగితిమి.

అతడు లేచి, "మాస్టారూ, మీరు నత్తను చూచినారు. మేము కొరడాను చూచినాము" అనెను. క్షణమాగి, "ఈ బొమ్మ తరగతిలో తెరచిన దినమున పిల్లలు నవ్వినారు. నవ్వి, నావైపు చూచినారు" అనెను.

మాకు అప్పుడు మౌనమే తగియుండెను. కాని ఉపన్యసించు అలవాటు చెడ్డది. "బొమ్మకే ఇంత బాధపడినచో ప్రజాస్వామ్య మెట్లు నడచును నాయనా?" అంటిమి. సభలో నవ్వు పుట్టెను. అతడు తల వంచుకొని వెడలిపోయెను. తరువాతి ఆదివారము రాలేదు.

ఆ నవ్వు మమ్ము నిద్రపోనీయలేదు. ఆ కుఱ్ఱవాడు చిత్రమును చింపుమనలేదు, ఎవరిని శిక్షింపుమనలేదు. తనకేమి జరిగినదో చెప్పెను. వాక్స్వాతంత్ర్యమును గూర్చి గంటసేపు మాటలాడిన మేము, రెండు వాక్యములు పలికిన అతని నోరు మూయించితిమి. శాసనసభవారు సంపాదకుని ఖైదుచేసిరి. మేము ఒక విద్యార్థిని నవ్వులపాలు చేసితిమి. అధికారములు వేరైనను పోకడ ఒక్కటే కాదా?

అప్పుడు అంబేద్కరుగారు 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో చేసిన ప్రసంగమును మరల తీసితిమి. ఆలస్యమను ఆక్షేపణకు వారందులో సమాధానము చెప్పిరి. ముసాయిదాపై వచ్చిన సవరణలు 7,635. సభలో ప్రతిపాదింపబడి చర్చకు వచ్చినవి 2,473. ఆస్ట్రేలియాకు తన రాజ్యాంగమును సిద్ధపరచుకొనుటకు తొమ్మిది సంవత్సరములు పట్టెను. మనకు మూడేండ్లును నిండలేదు. అమెరికా రాజ్యాంగసభ నాలుగు మాసములలో ముగించెను గాని, వారి రాజ్యాంగమున ఉన్నవి ఏడు అధికరణములు, మనకు 395. పరిహాసమునకు ప్రత్యుత్తరము లెక్కలతో ఎట్లు చెప్పవలెనో ఇందు కననగును. కాని ఈ సమాధానము చిత్రము ప్రక్కన కనబడునా? నవ్వు ముందు పరుగెత్తును, లెక్క వెనుక నడచును.

మరియొక విషయము కూడ తోచెను. 1949లో ఆ చిత్రము అధికారమందున్న మంత్రిని ఉద్దేశించినది. ఆ మంత్రికి సభ కలదు, మాట కలదు. అదే చిత్రము తరగతిగదిలో పిల్లల ముందు పడినప్పుడు, అందులోని మంత్రి మరుగై, తాతముత్తాతలు కొరడాదెబ్బలు తిన్న ఒక బాలుడు ఎదుట నిలిచెను. గీత మారలేదు, చూచు కన్నులు మారినవి. 'మనస్సు నొచ్చినది' అను మాటను మంత్రియు పలుకును, ఆ బాలుడును పలుకును. మంత్రి నొప్పి వెనుక పోలీసులుందురు. బాలుని నొప్పి వెనుక ఎవరుందురు? ఈ రెంటిని ఒక్క త్రాసున తూచుటయే మేము చేసిన తప్పు.

పై వారము మేము దళితవాడకు పోతిమి. ముప్పదియేండ్లు ఆ ఊర పాఠములు చెప్పితిమి, సమత్వమును గూర్చి ఉపన్యసించితిమి. అచ్చట ఒక ఇంటి గడప త్రొక్కుట మాకదియే మొదటిసారి. అతని తండ్రిగారు కుర్చీ వేసిరి. గోడపై ఆ ఇంటి పెద్దల పటముల నడుమ అంబేద్కరుగారి పటము కలదు. మాకు పుస్తకములలోని రాజనీతిజ్ఞుడు, వారికి ఇంటి మనిషి. తండ్రిని గూర్చి పదిమంది నవ్వినప్పుడు కొడుకునకు కలుగు భావమును వివరించుటకు సిద్ధాంతములు అక్కరలేదు.

మేము చేతులు జోడించి, "నాయనా, ఆనాడు నిన్ను నవ్వులపాలు చేసితిమి. క్షమింపుము" అంటిమి. అతడు కంగారుపడి, "అంత మాట వద్దండి" అనెను. పిమ్మట, "ఆ బొమ్మను మన పఠనమందిరమునుండి తీసివేయుదుమా?" అని అడిగితిమి.

"వద్దు మాస్టారూ. తీసివేసినచో మేము చెప్పవలసినది కూడ దానితోనే పోవును. ఆ ప్రక్కనే మాకును కొంచెము చోటియ్యండి చాలును" అనెను.

ఇప్పుడు మా పఠనమందిరపు గోడపై ఆ చిత్రము కలదు. దాని ప్రక్కన అంబేద్కరుగారి లెక్కలు కలవు. వాని క్రింద ఆ యువకుడు స్వహస్తముతో వ్రాసిన ఒక పుట కలదు. అందు తరగతిగదిలోని ఆ దినమును గూర్చి వ్రాసియున్నాడు. చూడవచ్చినవారు మొదట నవ్వుదురు, పిదప చదువుదురు, పిదప తమలో తాము వాదులాడుకొందురు. ఇంతవరకు ఎవరును దేనిని చింపలేదు.

పార్లమెంటున చిత్రమును తొలగింపుమన్నవారును, పూనాలో బల్లలు విరుగగొట్టినవారును, నొచ్చినవానిని చూచి నవ్విన మేమును ఒక్క పనియే చేసితిమి: ఎదుటివాని మాట వినుటకు ముందే ముగించితిమి. చదువరులారా, చిత్రకారుని కలము నాపవలదు. కాని ఆ చిత్రమును చూచి నవ్వనివాడు మీ ప్రక్కన ఒక్కడున్నచో, మీ నవ్వు నొక్క క్షణమాపి, అతడేమి చూచెనో అడుగుడు.